మామ అన్నం తిన్న ఇల్లు

మామ మా వీధి మలుపు తిరిగాడని తెలిస్తే చాలు, మా అమ్మ సంగటి కుండ మీద గంప బోర్లించేది. ఆషాఢంలో మాత్రమే. మిగతా నెలల్లో ఆయన వస్తే ఇదే అమ్మ "రెండు ముద్దలు తినిపో అన్నా" అని చెయ్యి పట్టుకుని లాగేది. ఆషాఢం వచ్చిందంటే మాత్రం గడపకు అడ్డంగా నిలబడి, ఉడికిన సంగటి వాసన వీధి చివరిదాకా కొడుతున్నా సరే, "ఇంకా పొయ్యే ఎలిగించలేదన్నా" అని మొహం మీదే అబద్ధమాడేది. మామ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఇంకా భయం.

మొన్నీమధ్య మామ పోయాడు. మార్కాపురం బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టారు. ఫొటో కింద పెద్ద అక్షరాలతో "కబడ్డీ ప్రేమికుడు" అని వేయించారు. ప్రేమికుడట! ఆ మాట ఆయన చూసి ఉంటే ఫ్లెక్సీ కట్టినవాడిని అక్కడే నిలబెట్టి కడిగేసేవాడు. ఆయన మా మార్కాపురం జట్టుకు మేనేజరు, కోచ్, చందాలు అడిగేవాడు, దెబ్బ తగిలితే కట్టు కట్టేవాడు. అన్నీ ఆయనే. పొద్దున ఆర్టీసీలో కండక్టరు, సాయంత్రం మా ప్రాణానికి యముడు. నాకు వరస కలిసే మామ కాదు. ఊరందరికీ మామే. డిపో మేనేజరు కూడా కేకలేసేటప్పుడు "ఏం మామా, లేటేంది" అనేవాడని చెప్పుకునేవాళ్లు.

అన్నం కుండ సంగతి చెప్పాలి. శివరాత్రి నుంచి ఎండలు ముదిరేదాకా మా వైపు తిరునాళ్లన్నిట్లో కబడ్డీ పోటీలు ఉంటాయి. అవి అయిపోయి తొలకరి కోసం మబ్బుల వంక చూసే రోజుల్లో, మామ వచ్చే ఏడాదికి జట్టును కూర్చుకునేవాడు. ఎవరిని ఉంచాలి, ఎవరిని దింపాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి. ఆ కబురు ఫోన్లో చెప్పేవాడు కాదు. డ్యూటీ లేని రోజు చూసుకుని బస్సెక్కి ఆటగాడి ఇంటికే వెళ్లేవాడు. ఉంచుకునేవాడి ఇంట్లో కూర్చునేవాడు కూడా కాదు. గడప బయటే నిలబడి "ఇత్తనం పడినాక ప్రాక్టీసుకు రారా" అని చెప్పి తిరిగి చూడకుండా పోయేవాడు. దింపేవాడి ఇంట్లో మాత్రం చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, పీట అడిగి వేయించుకుని కడుపునిండా అన్నం తినేవాడు. తింటూ పొలం గురించి, చెల్లెలి సంబంధం గురించి, బర్రె ఈనిందా లేదా అన్న దాని గురించి అడిగేవాడు. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాక అప్పుడు చెప్పేవాడు. "నీ స్టేజీ వచ్చిందిరా నాయనా. దిగాల."

ఇదేం పద్ధతి అని ఒకసారి టీ కొట్టు దగ్గర అడిగాను.

"ఆటలోంచి దింపినా, మనిషిని దింపలేదని ఎట్ల చెప్పాల్రా మరి? వాళ్ల అన్నం తిన్నాక వాళ్లని నేను ఒక్కమాట అనలేను. ఇంకోడు అంటే ఊరుకోలేను. అందుకే తింటా" అన్నాడు.

ఆయన ఉద్దేశం మంచిదే. కానీ మా తల్లులకు అర్థమైంది వేరే. ఆషాఢంలో మామ విస్తరి ముందు కూర్చున్నాడంటే ఆ ఇంటి పిల్లవాడి ఆట అయిపోయినట్టే. అందుకని ఎవరూ పెట్టేవాళ్లు కాదు. ఒకావిడ ఏకంగా తలుపు గొళ్లెం పెట్టి, కిటికీలోంచి "ఊళ్లో లేమన్నా" అని చెప్పిందట. ఆ సంగతి ఆయనే చెప్పి పడీపడీ నవ్వేవాడు.

ఆట జరుగుతున్నప్పుడు ఆయన్ని చూడాలి. మనవాడు కూతకు వెళ్లాడంటే గీత పక్కన నిలబడి ఆయన కూడా ఊపిరి బిగబట్టేవాడు. వాడు ముట్టి తిరిగొచ్చేదాకా వదిలేవాడు కాదు. మొహం కందగడ్డయ్యేది, మెడనరాలు తేలేవి. వాడు గీత దాటాక ఊపిరి వదిలి, లోలోపలే "రైట్, రైట్" అనుకునేవాడు. బస్సు కదిలేటప్పుడు కండక్టర్లు అంటారే, అదే. ఎవరి ఆట చూసినా మొహం చూసేవాడు కాదు. కాళ్లు చూసేవాడు. మొహం ఎన్నయినా చెబుతుంది, మడమ అబద్ధం చెప్పదు అనేవాడు.

మా జట్టుకు పలకల ఫ్యాక్టరీల వాళ్లు డబ్బు ఇచ్చేవారు. పలకలు బాగా అమ్ముడైన రోజుల్లో షావుకార్లు పోటీపడి ఇచ్చారు. పిల్లలు పలక పట్టడం తగ్గాక ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే తలుపులు వేసుకున్నాయి, చందాలూ తగ్గిపోయాయి. అటు ఒంగోలు వైపు గ్రానైట్ కంపెనీల జట్లు మ్యాటు మీద ప్రాక్టీసు చేస్తున్నాయి, ఆటగాళ్లకు గుడ్లు, పాలు, బూట్లు ఇస్తున్నాయి. మేమింకా తవ్వి నీళ్లు చల్లిన మట్టిలోనే దొర్లుతున్నాం. మామ డిపో ఎదురు టీ కొట్టులో కూర్చుని, ఫ్యాక్టరీలో పక్కన పడేసిన అంచు విరిగిన పలక మీద మా పేర్లూ, పేరు పక్కన ఇవ్వగలిగిన డబ్బూ రాసేవాడు. కూడేవాడు. తలకాయ గోక్కుని ఒక పేరు అరచేత్తో తుడిచేవాడు. మళ్లీ రాసేవాడు. సాయంత్రానికి చెయ్యంతా సుద్ద. ఆ చేత్తోనే టీ తాగేవాడు.

నన్ను దింపిన ఏడు మా అమ్మ చేలో ఉంది. ఇంట్లో నాయన ఒక్కడే. నాయనకు ఈ లోకంతో పని లేదు. ఆషాఢమేందో, మామ ఎందుకొచ్చాడో ఆయనకు పట్టదు. "రా బావా, తిందాం" అని పిలిచాడు. మామ ఒక్క క్షణం నా వంక చూశాడు. తరవాత చెప్పులు విడిచాడు. నేను తడిక పట్టుకుని నిలబడిపోయాను. ఇద్దరూ సంగటీ గోంగూర పచ్చడీ వేసుకుని, వర్షాల గురించి మాట్లాడుకుంటూ హాయిగా తిన్నారు. నాయన మారు వడ్డించాడు కూడా. అమ్మ గడ్డిమోపుతో వాకిట్లోకి వచ్చేసరికి మామ చెయ్యి కడుక్కుంటున్నాడు.

"తిన్నావా అన్నా?" అంది అమ్మ.

"తిన్నా తల్లీ. పచ్చడి బాగుంది."

అమ్మ గడ్డిమోపు అక్కడే పడేసి నాయన వైపు తిరిగింది. ఆ పూట నాయన తిన్న తిట్లు రాస్తే ఈ కాగితాలు చాలవు. నాయనకు తను చేసిన తప్పేమిటో చివరిదాకా తెలియలేదు.

మామ నాతో చెప్పినదేమీ గొప్పది కాదు. "నువ్వు బాగానే ఆడతావు. నిన్ను ఉంచితే చెన్నయ్యకు ఇచ్చేదానికి చాలదు. వాణ్ణి ఇడిచిపెడితే మన జట్టే లేదు. నీ స్టేజీ వచ్చింది." నేను తలూపాను. ఆయన వెంటనే, సిగ్గూ ఎగ్గూ లేకుండా, "రేపు నీ బండి తీస్తావా? చెన్నయ్య వాళ్ల ఊరికి పోవాల. నాకు ఆ దారి తెలీదు" అన్నాడు. దింపినవాడినే బండి నడపమనడం ఒక్క మామకే చెల్లుతుంది. నేను ఒప్పుకోవడం నాకే చెల్లింది.

చెన్నయ్యది పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఒక పల్లె. గొర్రెల కాపరుల ఇల్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కూతకు వెళితే అవతల గీత దగ్గర కాలు పెట్టడం కనిపించేది, ముట్టడం కనిపించేది కాదు. వాణ్ణి తిరునాళ్లలో చూసి పట్టుకొచ్చింది మామే. వాడి కోసం గ్రానైట్ కంపెనీ జట్టువాళ్లు అంతకుముందు నుంచే ఫోన్లు చేస్తున్నారు. వాడు "మామను అడగాల" అని తప్పించుకుంటూ వచ్చాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

పుల్లలచెరువు దాటి అడవి దారి పట్టాక బండి పంక్చరయింది. ఆ దారిలో పంక్చరు వేసేవాడు ఎక్కడ దొరుకుతాడు? చెట్టుకు ఆనించి నడక మొదలుపెట్టాం. వాన పడలేదు, ఎండ మాత్రం చైత్రంలాగే కాస్తోంది. మామకు షుగరు. పొద్దున టీ తప్ప ఏమీ తినలేదు. పల్లెలోకి వచ్చేసరికి ఆయన చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. చెన్నయ్య ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే ఉంది. తండ్రీ కొడుకూ గొర్రెల వెంట పోయారంది. ట్యాంకరు నీళ్లు పట్టి దాచుకున్న బిందెలోంచి ఒక చెంబు ముంచి ఇచ్చింది. ఆయన వాలకం చూసి, అడగకుండానే జొన్నసంగటిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి మా ఇద్దరి ముందూ పెట్టింది. ఆవిడకు మా ఆషాఢం సంగతి తెలియదు. అడవి పక్క పల్లెకు ఆ కథలు చేరలేదు.

మామ తన గిన్నె వంక కాసేపు చూశాడు. తరవాత తినేశాడు. అంత ఆత్రంగా ఆయన తినడం నేనెప్పుడూ చూడలేదు. ప్రాణం కుదుటపడ్డాక ఆవిడతో అన్నాడు.

"నీ కొడుకుని ఎవరికీ ఇయ్యను తల్లీ. వాని కోసం ఇద్దరిని దింపినా. అందులో ఒకడు ఈడే ఉండాడు, చూడు."

ఆవిడ నా వంక జాలిగా చూసి, నా గిన్నెలో ఇంకొంచెం మజ్జిగ పోసింది.

అప్పుడే చెన్నయ్య కనిపించాడు. వీధి చివర, భుజం మీద కర్ర, వెనక మంద. మామ వీపు వాడి వైపు ఉంది. ముందు గిన్నె, పక్కన విడిచిన చెప్పులు. వాడు ఆగాడు. మంద వాడి కాళ్ల చుట్టూ చేరి ముందుకు సాగిపోయింది. వాడు కాసేపు అట్లాగే నిలబడి, కర్ర పక్కన వస్తున్న తండ్రి చేతికిచ్చి, సందులోకి తిరిగిపోయాడు. కాళ్లు కడుక్కుని వస్తాడనుకున్నాను. తండ్రి గొర్రెల్ని దొడ్డిలోకి తోలి వచ్చి, "రోడ్డు కాడికి పోయినాడన్నా. ఎవురికో ఫోన్ చేయాలంట. ఈడ సిగ్నల్ ఉండదు గదా" అన్నాడు.

పొద్దు వాలేదాకా కూర్చున్నాం. వాడు రాలేదు. రోడ్డు మీదికి వచ్చి చూస్తే ఎవరో చెప్పారు, ఒంగోలు పోయే లారీ ఎక్కాడని.

ఎందుకు పోయాడో మాకు తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. మూడో రోజుకల్లా టీ కొట్టులోకే కబురొచ్చింది. "మామ మా ఇంట్లో అన్నం తిన్నాడు, నా పని అయిపోయింది, ఇంక మీ జట్టుకే ఆడతా" అని కంపెనీ వాళ్లకు చెప్పి అడ్వాన్సు తీసుకున్నాడట. ఆ డబ్బుతో వాళ్ల నాయన అప్పుడే గొర్రెలు బేరం చేసి కొన్నాడట.

మామ చేతిలో పలక ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఆకలై తిన్నారా," అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు. "నిజంగా ఆకలయ్యే తిన్నా."

"ఆ మాటే ఫోన్ చేసి చెప్పు మామా. నేను కలుపుతా, ఉండు" అన్నాను.

"వద్దు. గమ్మునుండు."

"ఎందుకొద్దు?"

"అడ్వాన్సు తీసుకున్నోడు. వాళ్ల నాయన గొర్రెలు కొన్నాడు. ఇప్పుడు పోయి నేను నిన్ను దింపలేదురా అని చెప్తే వాడు ఆడ మనసుపెట్టి ఆడలేడు, ఈడికి రాలేడు. రెంటికీ చెడిపోతాడు. ఆడ గుడ్లు పెడతారు, పాలు పోస్తారు. పోనీ. మనం వాని కాళ్లకు అడ్డం పడకూడదు."

"నిన్ను తిట్టుకుంటాడు గదా."

"తిట్టుకోనీలే" అని మామ పలక మీద చెన్నయ్య పేరు తుడిచాడు. అక్కడ నా పేరు రాశాడు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, గడప బయట నిలబడి, "ప్రాక్టీసుకు రారా" అన్నాడు. అమ్మ సంతోషం పట్టలేక గంప తీసి, సంగటి పెట్టి, పప్పు పోసి ఎదురుగా తెచ్చింది. "వద్దు తల్లీ" అన్నాడు మామ. ఆ తరవాత ఆషాఢమనే కాదు, ఏ నెల్లోనూ ఆయన ఎవరింట్లోనూ తినలేదు. పెళ్లిళ్లకు వచ్చినా అక్షింతలు వేసి వెళ్లిపోయేవాడు. ఎంతమంది బతిమాలారో. మా అమ్మ అయితే అలిగి మాట్లాడటం కూడా మానేసింది కొన్నాళ్లు.

ఆ ఏడు గిద్దలూరు తిరునాళ్లలో మాకూ గ్రానైట్ వాళ్లకూ ఆట పడింది. చెన్నయ్య కొత్త బూట్లతో దిగాడు. కూతకు వచ్చి నా వైపే తిరిగాడు. నేను మూలలో కాచుకుని ఉన్నాను. వాడి చెయ్యి నా మోకాలికి తగిలిందో లేదో నాకే తెలియలేదు. వెనక్కి దూకి గీత దాటేశాడు. నా వెనక గీత పక్కన, ఊపిరి బుస్సున వదిలిన చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను. మామ మొహం కందగడ్డలా ఉంది. "రైట్, రైట్" అంటున్నాడు. అవుటయిన వాణ్ణి నేను. నా జట్టు మేనేజరు అవతలివాడి కోసం ఊపిరి బిగబట్టాడు. ఒళ్లు మండిపోయింది. ఆట అయ్యాక అడిగేద్దామని వెళితే, చెన్నయ్య మమ్మల్ని దాటి నడిచిపోతున్నాడు. మామ వాడి కాళ్ల వంకే చూస్తున్నాడు.

"ఎడమ మడమ నొప్పిగా ఉండాది వానికి. ఆ బూట్లు పడలేదు" అన్నాడు.

మరుసటి ఆషాఢంలో మామ ఎవరింటికీ రాలేదు. వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టాడు. పేరు లేనివాళ్లు ఉన్నవాళ్లను అడిగి తెలుసుకున్నారు. ఒకడు డిపో దాకా వచ్చి గొడవపడ్డాడు. "మా ఇంటికొచ్చి అన్నం తిని దింపు మామా. ఇట్ల ఫోన్లో దింపేది మర్యాదనా?" అని ఏడ్చాడు. మామ టికెట్ల మిషను బ్యాగులో పెట్టుకుని బస్సెక్కేశాడు. తప్పంతా తన పద్ధతిదే అనుకున్నాడు ఆయన. ఆ పద్ధతి వదిలేస్తే తప్పు జరగదనుకున్నాడు. ఆయన మా ఇళ్లలో కూర్చుని తిన్న అన్నమే ఆ జట్టును కలిపి ఉంచిందని మాలో ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. ఇంకో తిరునాళ్లు ఆడామేమో. చివరి షావుకారు కూడా చెయ్యెత్తేశాడు. జట్టు అక్కడితో సరి.

మామ కర్మరోజున చెన్నయ్య వచ్చాడు. బాగా లావయ్యాడు, ఎడమకాలు ఈడుస్తున్నాడు. గ్రానైట్ జట్టువాళ్లు కాలు దెబ్బతిన్నాక తీసేశారట. ఇప్పుడు క్వారీలో లారీ నడుపుతున్నాడట. షామియానా కింద నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్నేళ్లూ మామ నోరు మూయించాడు. ఇంక మూసుకోవడంలో అర్థం లేదనిపించింది.

"చెన్నయ్యా, ఆ రోజు మామ నిన్ను దింపడానికి రాలేదబ్బా. బండి పంక్చరయి, షుగరు పడిపోయి..."

"తెలుసన్నా" అన్నాడు.

నేను కుర్చీ వాడి వైపు తిప్పుకున్నాను.

"ఆ వారంలోనే ఇంటికి పోతే మాయమ్మ చెప్పింది. నా కొడుకుని ఎవరికీ ఇయ్యనని మామ అన్నాడంట గదా. నీకు మజ్జిగ పోసినానని గూడా చెప్పింది."

"తెలిసి మరి రాలేదేందిరా?"

"అడ్వాన్సు తీసుకుని మామ మీద మాట అనేసి పోయినోణ్ణి. ఏ మొకం పెట్టుకుని వస్తా? మామ పిలుస్తాడని చూసినా. పిలిస్తే గొర్రెలు అమ్మి వాళ్లది వాళ్లకు పారేద్దామని నాయన్ను గూడా ఒప్పించినా. గిద్దలూరులో మీ పక్కనే పోతి గదా, ఎందుకనుకున్నావు? ఒక్కమాట అంటాడేమోనని. ఆయప్ప నా కాళ్లే చూసినాడు గాని తలెత్తి నా మొకం చూళ్ల."

మామ ఆ రోజు టీ కొట్టులో అన్నదంతా చెప్పాను. రెంటికీ చెడిపోతాడన్నది, తిట్టుకోనీలే అన్నది, నీ కాళ్లకు అడ్డం పడకూడదన్నది. చెన్నయ్య తల వంచుకుని విన్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నొక్కుకుంటూ కూర్చున్నాడు.

"అడ్డం పడింటే బాగుండు గదన్నా" అన్నాడు.